లొంగుబాటును తెలిపే ఇంగ్లీషు పదబంధాలు

తెలుగులో ‘లొంగిపోయాడు’ అంటాం. మాటల్లో దాన్నే ‘సరెండర్ అయ్యాడు’ అని కూడా అంటాం. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ ‘అయ్యాడు’ను ఇంగ్లీషులోకి తెచ్చి ‘హి వాజ్ సరెండర్డ్’ అని రాస్తే, అతణ్ణి మరెవరో అప్పగించారనే అర్థం వస్తుంది. తనంతట తాను లొంగిపోయిన వ్యక్తి గురించి ‘హి సరెండర్డ్’ అంటే చాలు. వార్తను అనువదించేవారికి ఇది చిన్న తేడా కాదు. తానే వచ్చి లొంగాడా, పట్టి అప్పగించారా అన్నదే మారిపోతుంది.

ఎవరికి లొంగారో చెప్పేటప్పుడు ఈ క్రియ తరవాత ‘టు’ వస్తుంది: ‘సరెండర్ టు ద పోలీస్’. దేన్ని వదులుకున్నారో చెప్పేటప్పుడు మధ్యలో ఏమీ రాదు: ‘సరెండర్ ద ఫోర్ట్’, ‘సరెండర్ ద పాస్‌పోర్ట్’. 1971 డిసెంబరు 16న ఢాకాలో జనరల్ నియాజీ సంతకం చేసిన పత్రం మొదట్లోనే ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. ‘సరెండర్’ తరవాత నేరుగా పాకిస్తాన్ సాయుధ బలగాల ప్రస్తావన, ఆపైన ‘టు’ చేర్చి లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా పేరు ఉంటాయి. ఆ పత్రాన్ని ‘ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ సరెండర్’ అంటారు. ఇక్కడ ఇన్‌స్ట్రుమెంట్ అంటే పనిముట్టు కాదు, వాద్యం అసలే కాదు, చట్టబద్ధమైన పత్రం.

మన కోర్టు ఉత్తర్వుల్లో, పత్రికల్లో ‘సరెండర్ బిఫోర్ ద కోర్ట్’ అని తరచు చూస్తాం. ‘ఎదుట లొంగిపోవడం’ మనకు అలవాటైన మాటే కనుక ఎబ్బెట్టుగా అనిపించదు. భారతీయ ఇంగ్లీషులో పాతుకుపోయిన ఈ ప్రయోగాన్ని తప్పనవలసిన పనిలేదు. పరీక్షలో మాత్రం ‘టు’ రాయడం మేలు.

నామవాచకంగా వాడినప్పుడు ‘అన్‌కండిషనల్ సరెండర్’ అన్న జంట ప్రసిద్ధం. బేషరతు లొంగుబాటు అని అర్థం. 1943 జనవరిలో కాసాబ్లాంకాలో రూజ్వెల్ట్ శత్రుదేశాల నుంచి కోరింది ఇదే. లొంగిపొమ్మని గట్టిగా కోరితే ‘డిమాండ్’, షరతులు మాట్లాడుకుంటే ‘నెగోషియేట్’, ఆమోదిస్తే ‘యాక్సెప్ట్’ దీని ముందు చేరతాయి.

ఆయుధాలు దించడం ‘లే డౌన్ ఆర్మ్స్’. ఈ అర్థంలో ఆర్మ్స్ ఎప్పుడూ బహువచనమే. ఒత్తిడికి లొంగడం ‘గివ్ ఇన్ టు ప్రెషర్’. దీన్ని ‘గివ్ అప్’తో కలపకండి, పొగతాగడం మానేసినవారు చేసింది ‘గివ్ అప్’.

జీవిత బీమా కాగితాల్లోని ‘సరెండర్ వాల్యూ’కు ఓటమితో సంబంధం లేదు. గడువుకు ముందే పాలసీని వదులుకుంటే చేతికి వచ్చే సొమ్ము అది.