చలికాలపు గాజర హల్వా

మార్గశిర పుష్య మాసములు వచ్చినంతనే మన షోలాపురపు కూరగాయల అంగళ్లలో ఎఱ్ఱని గాజరగడ్డలు రాశులుగా కనబడును. సంక్రాంతికి ముందురోజున, భోగినాడు, మహారాష్ట్రులు సజ్జరొట్టెతో తిను కలగూరలో ఇవి తప్పక యుండును. ఈ గడ్డలతోనే ఢిల్లీ, పంజాబు ప్రాంతములవారు చలికాలమున చేసికొను తీపి వంటకమును గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము. పంజాబువారు దీనిని గజరేలా అందురు. తక్కినవారు గాజర్ హల్వా అందురు.

ఇట్టి వ్యాసము పాఠశాల పత్రికలో ఏల యని కొందరు తండ్రులు అడుగవచ్చును. గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతివారిని తమ యింటి వంటను గూర్చి వ్రాయుడని కోరితిమి. వ్యాకరణము చక్కగనే యున్నది. కాని గడ్డలను తురుముటకు బదులు ‘కిసి’నవారును, పాలను ఇగుర్చుటకు బదులు ‘ఆటవించి’నవారును పలువురు కనబడిరి. మరాఠీ మాటలు చెడ్డవని మా యభిప్రాయము గాదు. తరతరములుగా ఆ భాషతో కలిసి మెలిసి బ్రదుకుచున్నవారము. అయితే ఆ పిల్లల అమ్మమ్మలను అడిగినప్పుడు తెలుగు మాటలు తడుముకొనకుండ వచ్చినవి. మాట ఇంటిలోనే యున్నది. మనుమల నోటికి మాత్రము చేరలేదు. హల్వా యనునది అరబ్బీ మాట. గాజరను పారసీకులు గజర్ అందురు. వంటకము పరాయిదైనను, దానిని చేయు పనులకు తెలుగున మాటలు కొదువలేదు. కావున ఆ మాటలతోనే చెప్పెదము.

మొదట గడ్డను గూర్చి. ఎఱ్ఱగడ్డ ఉత్తర దేశమున చలికాలపు పంట. దాని యెఱుపు లైకోపీన్ అను పదార్థము వలన వచ్చినది. టమాటాకును, పుచ్చకాయకును ఎఱుపు నిచ్చునది అదియే. నీలగిరులనుండి వచ్చు నారింజరంగు గడ్డలో కెరోటిన్ హెచ్చు. 1831లో వాకెన్‌రోడర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ గడ్డనుండియే దానిని వేరుచేసెను. గడ్డ పేరే పదార్థమునకు వచ్చినది. మన శరీరము కెరోటిన్‌ను ఏ విటమినుగా మార్చుకొనును. ఆ విటమిను చాలనివారికి రేచీకటి కలుగును. కావున కంటి మేలు కోరినచో నారింజరంగు గడ్డయే మిన్న; హల్వాకు మాత్రము రసమును, తీపియు గల యెఱ్ఱగడ్డకు సాటిలేదు. లక్నోలో నల్లగాజరతోను హల్వా చేయుదురు.

నలుగురైదుగురున్న యింటికి ఒక కిలో లేత గడ్డలు, ఒక లీటరు చిక్కని పాలు, 200 గ్రాముల పంచదార, 60 గ్రాముల నెయ్యి, అయిదారు ఏలకులు చాలును. జీడిపప్పు, బాదము, ఎండుద్రాక్ష ఉన్నచో మంచిదే. లేకున్నను లోటు లేదు. గడ్డలను కడిగి, పైతోలు గీకి, చిల్లుల రేకుపై తురుమవలెను. నడుమ బెండు ముదిరియున్నచో విడిచివేయవలెను. అది యెంత యుడికినను మెత్తబడదు. తురుము మరీ సన్నమైనచో ఉడికి ముద్దయగును, మరీ లావైనచో పాలు పట్టదు. చిన్నవారు తురుమునప్పుడు గడ్డ కొస వ్రేలెడు మిగులగనే ఆపవలెను. మిగిలిన కొస పచ్చిగా తినుటకు పనికివచ్చును. వ్రేలి చర్మము దేనికిని పనికిరాదు.

అడుగు మందముగల వెడల్పాటి మూకుడులో పాలు కాచి, పొంగు వచ్చిన పిదప తురుము వేయవలెను. ఇక జరుగవలసినది ఇగురుట. ఈ వంటకమునందలి కష్టమంతయు ఈ యొక్క మాటలో నున్నది. గాజరలో నూటికి సుమారు 88 పాళ్లు నీరే. గేదెపాలలో 83 పాళ్లు. అనగా మూకుడులో దాదాపు 1,700 గ్రాముల నీరున్నది. హల్వాలో నిలువవలసినది 300 గ్రాములకు కొంచెము పైన. తక్కిన దంతయు ఆవిరి కావలెను.

గుప్తోష్ణమను పాఠము చదివినవారు ఇచ్చట దానిని కన్నులార చూడవచ్చును. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల వేడిమినుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కెలోరీలు చాలును. ఆ మరుగుచున్న గ్రామును ఆవిరిగా మార్చుటకు సుమారు 540 కెలోరీలు కావలెను. పాలు పదినిమిషములలో పొంగి, పిదప గంటకు పైగా ఇగురకుండుట ఇందువలననే. మూత పెట్టినచో ఆవిరి చల్లబడి మరల నీరై మూకుడులోనే పడును. మంట పెంచినచో పని త్వరపడునని తోచును గాని, పాలలోని మాంసకృత్తులు అడుగున పేరుకొని మాడును. కావున మొదట మధ్యమముగను, చిక్కబడిన కొలది సన్నగను మంట నుంచి, అట్లకాడతో అడుగు గీకుచు కలుపవలెను. అడుగంటినదని వాసన వచ్చినచో గీకరాదు. పైదానిని వేరొక గిన్నెలోనికి తీసికొనవలెను.

తురుము మెత్తబడి, పాలు కోవావలె దగ్గరపడిన పిదపనే పంచదార వేయవలెను. ముందుగా వేసినచో గడ్డ త్వరగా ఉడుకదు. పంచదార పడగనే హల్వా మరల పలుచబడును. కిందటి సంక్రాంతికి బాలికలచేత చేయించినప్పుడు ఇట్లే జరుగగా, “మాస్టరుగారూ, అంతయు నీరైపోయినది!” అని వారు భయపడిరి. మేమును లోలోన కొంత భయపడితిమి. అది చెడుట గాదు. పంచదార కరిగి పాకమగుచున్నది, అంతే. ఇంకొక పావుగంట ఇగిర్చినచో మరల దగ్గరపడును. అప్పుడు నెయ్యి వేసి, హల్వా మూకుడు అంచులను విడిచి ఒకటిగా కదలువరకు వేయించి, ఏలకుల పొడి చల్లి దింపవలెను. నేతికి రుచియే గాక మరియొక ప్రయోజనము కలదు: కెరోటిన్ నీటిలో కరుగదు, కొవ్వులో కరుగును. కొవ్వుతో కూడినప్పుడే శరీరము దానిని బాగుగా గ్రహించును.

మగ్గము పనిలోనో, బీడీలు చుట్టుటలోనో దినమంతయు గడపు తల్లులకు గంటన్నరసేపు మూకుడువద్ద నిలుచుట యెట్లు సాధ్యమని మేము ఎరుగకపోలేదు. అట్టివారు తురుమును కొంచెము పాలతో కుక్కరులో ఒక కూత వచ్చువరకు ఉడికించి, 200 గ్రాముల కోవా చేర్చి, పంచదారతో కలిపి అరగంటలో ముగింపవచ్చును. అంగడి కోవాలో, ముఖ్యముగా పండుగలనాడు, పిండి కలియుట కలదు. రవంత కోవాను నీటిలో కాచి చల్లార్చి, ఒక చుక్క టింక్చరు అయోడిను వేసినచో పిండి యున్నప్పుడు నీలవర్ణము తేలును. పరీక్షించినది పారవేయవలెను. ఈ పరీక్ష పిల్లలు విజ్ఞానశాస్త్రపు గదిలో ఇదివరకే చేసియున్నారు. ఇంటిలో చేసి అమ్మకు చూపవచ్చును. ఇద్దరు పిల్లలు వంతులవారీగా కలుపుచున్నచో మాత్రము పాలతో ఇగిర్చిన హల్వాకే మా యోటు.

ఢిల్లీ చలిలో నిలుచునది మన ఊరి పగటి వేడిమిలో నిలువదు. చేసిననాడే తినవలెను, శీతల పేటిక గలవారు నాలుగైదు దినములు దాచుకొనవచ్చును. తినునప్పుడు మరల వేడిచేసికొనుట మంచిది.

తురుముట, ఇగుర్చుట, దగ్గరపడుట, అడుగంటుట, మాడుట – ఈ మాటలకు మీ యిండ్లలో పెద్దలు వేరు తెలుగు మాటలు వాడుచున్నచో, వారు పలికినట్లే వ్రాసికొని సంక్రాంతి సెలవుల పిదప తెచ్చి మాకు ఇండు.