తిరుపతిలో ఒక రాత్రి నిద్ర ఖరీదెంత?



మాది బంగారుపాళ్యం. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు పోయే రోడ్డు మీద వున్న వూరు. తోతాపురి మామిడి కాపుకు వచ్చిందంటే రాత్రీ పగలూ ట్రాక్టర్లు, లారీలు మార్కెట్టు యార్డుకు వస్తూనే వుంటాయి. ఆ మోతలోనే నిద్రపోవడం అలవాటైన వాళ్లం గనుక, చప్పుడు మమ్మల్నేమీ చేయదని నాకో ధీమా వుండేది. తిరుపతిలో ఒక్క రాత్రితో ఆ ధీమా దిగిపోయింది.

బెంగళూరు వైపు నుంచి తిరుపతి వెళ్లే చుట్టాలు మా ఇంట్లో ఒక పూట ఆగుతారు. కాళ్లు కడుక్కుని కాఫీ గ్లాసు అందుకోకముందే అడిగే మాట ఒకటే. "చవగ్గా, గలాటా లేకుండా తిరుపతిలో యాడ దిగాల వదినా?" ఇదివరకు "ఏదో ఒక లాడ్జి చూసుకోండి, ఒక్క రాత్రే కదా" అనేదాన్ని. ఇప్పుడట్లా అనడం లేదు. ఎందుకో చెబుతాను.

రెండేళ్ల కిందట మా అత్తగారికి దర్శనం చేయించాలని బయలుదేరాం. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లు ముందే తీసుకున్నాం. హైదరాబాదు నుంచి మా ఆడబిడ్డ కూడా వచ్చింది. బస్టాండుకు నాలుగడుగుల దూరంలో తొమ్మిది వందలకు గది దొరికితే, బేరం కుదిరిందని సంతోషించాం. గది మూడో అంతస్తులో. లిఫ్టు వుంది గానీ పనిచేయడం లేదు. కిటికీ కింద బస్సుల హారన్లు. పక్క సందులో కల్యాణ మండపం. రాత్రి ఒంటిగంట దాకా మేళం, ఆ తర్వాత వంటపాత్రలు కడిగే చప్పుడు, మూడింటి నుంచి కొండకు బయలుదేరే వాళ్ల హడావుడి. బాత్రూములో కింద కూర్చునే మరుగుదొడ్డి. తెల్లవారేసరికి ఆమె మోకాలు వాచిపోయింది. లేచి నిలబడితే కళ్లు తిరిగాయి.

"మీరు పోయి రాండమ్మా. నేనీడే వుంటా. ఆయనకు పిలవాలని వుంటే ఇంకోసారి పిలుస్తాడులే" అన్నది. ఆడబిడ్డ ఆమెకు తోడు వుండిపోయింది. నేనూ మావారూ వెళ్లి వచ్చాం. లడ్డూ చేతిలో పెడితే కళ్లకద్దుకున్నది గానీ ఒక్క మాట అనలేదు. నాలుగు మాటలు అనివుంటే నా మనసు కుదుటపడేది.

అప్పుడు తెలిసింది నాకు, గది ఖరీదు అంటే కౌంటరు దగ్గర చెప్పే అంకె కాదని. ఆ అంకెకు ఆటో ఖర్చు, మెట్ల ఖర్చు, పోయిన నిద్ర ఖర్చు కలపాలి. మన ఇంటి పద్దులో చివరిదానికి గడి వుండదు, అంతే తేడా.

మరి ప్రశాంతమైన చోటు ఎట్లా కనుక్కోవడం? యాత్రాస్థలంలో చప్పుడు అద్దెను బట్టి రాదు. మూడువేల గదిలోనూ వుంటుంది, ఆరువందల గదిలో లేకనూ పోవచ్చు. అది బస్సుల దారిని, పెళ్లి మండపాన్ని, జనరేటరును బట్టి వస్తుంది. రైల్వే స్టేషను, బస్టాండు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, కొండ బస్సులు తిరిగే లీలామహల్ కూడలి నుంచి అలిపిరి దాకా రాత్రి అంటూ వుండదు. పై అంతస్తు కదా, చప్పుడు అందదులే అని కూడా అనుకోవద్దు. 2023లో పూర్తయిన శ్రీనివాస సేతు పక్కన గది తీసుకుంటే వంతెన మీది బండ్లు మన కిటికీ ఎత్తులోనే పోతాయి.

పెళ్లి మండపం సంగతికి పంచాంగం చూడండి. నవ్వకండమ్మా, నిజమే చెబుతున్నాను. మాఘం, వైశాఖం, శ్రావణం లాంటి ముహూర్తాల రోజుల్లో మండపం పక్కన గది వద్దు. ఆషాఢంలో అదే గది ప్రశాంతంగా వుంటుంది. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు మైకులు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో వుంది. కానీ తలుపులు మూసిన హాళ్లకు అందులో మినహాయింపు వుంది. కాబట్టి చట్టాన్ని నమ్ముకోవడం కంటే వీధిని చూసుకోవడం మేలు.

కాస్త నెమ్మదైన చోట్లు ఏవంటే, నా లెక్కలో మొదటిది తిరుచానూరు. తిరుపతికి అయిదు కిలోమీటర్లు. పద్మావతీ అమ్మవారి గుడి మూసేవేళకు వీధులు సద్దుమణుగుతాయి. ఆ దారిలోనే పద్మావతీపురం, ఇటు విశ్వవిద్యాలయం వైపు బాలాజీ కాలనీ, ఇవి సంసారులుండే చోట్లు. శ్రీవారి మెట్టు దారిన నడిచి కొండెక్కేవాళ్లకు పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీనివాస మంగాపురం వైపు అనుకూలం. ఆ దారిలో మెట్లు 2,388, అలిపిరి దారిలో 3,550.

దూరంగా వుంటే ఆటోకు అవుతుంది కదా అంటారు. అవుతుంది. కానీ 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్ అడ్రసున్న గుర్తింపు కార్డు చేతిలో వుండాలి. హైదరాబాదు ఆడబిడ్డ మాత్రం టిక్కెట్టు కొనుక్కోవాల్సిందే. కొండమీదికి పోయే బస్సుకు అందరికీ టిక్కెట్టు వుంది.

నెమ్మదైన చోటు కూడా ఏడాది పొడుగునా నెమ్మదిగా వుండదు. కార్తీక మాసపు బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా పంచమి తీర్థం నాడు, తిరుచానూరులో కాలు పెట్టే చోటు వుండదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నది బైరాగిపట్టెడలో. అదీ జనం కాపురాలుండే పేటే. పసిపిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లు ఆ పది రోజులూ మానుకుంటే ఏ పుణ్యమూ తగ్గదు.

దేవస్థానం వసతి దొరికితే దాన్ని మించిన చవక లేదు. కొండమీద యాభై, వంద రూపాయల గదులు కూడా వున్నాయి. గది ఇరవైనాలుగు గంటలకు ఇస్తారు, ఆధారు కార్డు కావాలి. ఆన్‌లైన్‌లో కొన్ని గదులను దాదాపు మూడు నెలల ముందే విడుదల చేస్తారు. గది దొరకని వాళ్లకు యాత్రికుల వసతి సముదాయాల్లో ఉచితంగా లాకరు, హాల్లో పడుకునే చోటు ఇస్తారు. దిగువన బస్టాండు దగ్గర శ్రీనివాసం, మాధవం, రైల్వే స్టేషను దగ్గర విష్ణునివాసం వున్నాయి. అయితే దేవస్థానం పేరును పోలిన నకిలీ వెబ్‌సైట్లు చాలా బయటపడ్డాయి. ఫోనులో ఎవరో పంపిన లింకు నొక్కి డబ్బు కట్టకండి. బస్సు దిగగానే "రూము కావాలామ్మా" అని వెంటపడే వాళ్ల వెనక కూడా పోకండి. వాళ్ల కమీషను మన అద్దెలోనే వుంటుంది.

ప్రైవేటు లాడ్జి అయితే అడ్వాన్సు ఇవ్వకముందే గది చూపించమనండి. మొహమాటం వద్దు. మనం కూరగాయలు ఏరకుండా కొంటామా? కొళాయి తిప్పి నీళ్ల రంగు చూడండి, వేణ్ణీళ్లు ఎన్నింటికి వస్తాయో అడగండి. మరుగుదొడ్డి ఎటువంటిదో, బాత్రూము నేల జారుతుందో లేదో చూడండి. కిటికీ తెరిచి కిందకు చూడండి. దోమల జాలీ వుందా, తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతుందా? కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా? ఎండాకాలంలో ఏసీ లేని గది చివరి అంతస్తులో తీసుకుంటే స్లాబు వేడికి పెనం మీద పడుకున్నట్టే. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు, వెనకవైపు గది అడగండి. వీధివైపు గది కంటే అది చాలాసార్లు చవక కూడా.

చివరగా రెండు మాటలు అడగాలి. ఇరవైనాలుగు గంటల లెక్కా, లేక మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేయాలా? రాత్రి పదింటికి దిగేవాళ్లకు ఈ తేడా సగం రోజు అద్దె. రెండవది, చెప్పిన రేటులో జీఎస్టీ కలిసి వుందా? 2022 జూలై వరకు వెయ్యి రూపాయల లోపు లాడ్జి గదికి ఆ పన్ను లేదు. తర్వాత పన్నెండు శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏడున్నర వేల వరకు అద్దె వుండే గదులకు అయిదు శాతం. బిల్లులో పాత శాతం కనబడితే అడగండి.

అర్ధరాత్రి రైలు దిగి తెల్లవారక ముందే కొండెక్కే జంటకు ఇవన్నీ అక్కర్లేదు, స్టేషను పక్క గదే నయం. నేను చెప్పేది నిద్ర కావలసిన మనిషిని వెంట తీసుకుపోయే వాళ్లకు.

మొన్న మళ్లీ వెళ్లాం. ఈసారి అరవై అయిదేళ్లు దాటినవారి దర్శనం టిక్కెట్టు ముందుగా తీసుకున్నాం. తిరుచానూరులో కింది అంతస్తు, వెనకవైపు గది, పదకొండు వందలు. తెల్లవారి నేను కళ్లు తెరిచేసరికి మా అత్తగారు స్నానం చేసి, తల దువ్వుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని వుంది. "లెయ్యమ్మే, ఎంతసేపు నిద్ర" అన్నది.

ఆ మాట అనిపించుకోవడానికి మేము అదనంగా పెట్టింది రెండు వందల రూపాయలు.