మొదటి ప్రపంచయుద్ధ పతకం: గుర్తింపు, విలువ నిర్ధారణ

సారాంశం: మొదటి ప్రపంచయుద్ధంలో సేవచేసిన వారికి బ్రిటిష్ ప్రభుత్వం ప్రదానం చేసిన 'బ్రిటిష్ వార్ మెడల్' భారతీయ కుటుంబాలలో నేటికీ కనిపించే పురాతన సైనిక పతకాలలో ఒకటి. దానిని గుర్తించే పద్ధతిని, అసలు నకిలీల తేడాను, చారిత్రక విలువను నిర్ధారించే ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సైనిక పతకం, మొదటి ప్రపంచయుద్ధం, అంచు లేఖనం, మద్రాసు సైన్యం, పురావస్తు చట్టం.

1. ఉపోద్ఘాతం

1914-18 మధ్య 13 లక్షలకు పైగా భారతీయులు సైనికులుగా, శ్రామికులుగా విదేశీ యుద్ధరంగాలకు తరలివెళ్ళారు. వారిలో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన తెలుగువారూ ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం 'మిలిటరీ మాధవరం'గా ప్రసిద్ధి పొందడం ఈ సంప్రదాయానికి నిదర్శనం. ఈ సామాన్య సైనికులలో ఆత్మకథలు రాసుకున్నవారు అరుదు. అనేక సందర్భాలలో వారి సేవకు మిగిలిన లిఖిత సాక్ష్యం పెట్టె అడుగున పడివున్న ఒక పతకమే. దానిని పాత వెండిగా తూచి అమ్మితే ఆ సాక్ష్యం కూడా కరిగిపోతుంది. అందువల్ల పతకాన్ని సరిగా గుర్తించడం ప్రాంతీయ చరిత్ర రచనకు అవసరమైన పని.

2. పతక స్వరూపం

బ్రిటిష్ వార్ మెడల్‌ను 1919లో నెలకొల్పారు. ఇది 36 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని వెండి పతకం. బొమ్మ వైపు ఎడమకు తిరిగిన ఐదవ జార్జ్ శిరస్సు ఉంటుంది. చుట్టూ ఉన్న లాటిన్ సంక్షిప్త లేఖనం ఆయనను బ్రిటన్ రాజుగా, భారత చక్రవర్తిగా పేర్కొంటుంది. బొరుసు వైపు శిల్పి విలియం మెక్‌మిలన్ రూపొందించిన దృశ్యం కనిపిస్తుంది. గుర్రంపై ఉన్న నగ్న వీరుడు సెయింట్ జార్జ్. గుర్రపు డెక్కల కింద ప్రష్యా గద్ద గుర్తుగల డాలు, పుర్రె, ఎముకలు ఉంటాయి. 1914, 1918 సంవత్సరాలు కూడా ఆ వైపే ఉంటాయి. పైన కదలని తిన్నని వెండి కడ్డీ, దానికి రిబ్బను అమరుతాయి. రిబ్బను నడుమ నారింజ రంగు పట్టీ, దానికి ఇరువైపులా వరుసగా తెలుపు, నలుపు, నీలం చారలు ఉంటాయి.

దీనిని పాత రూపాయిగా పొరబడే అవకాశం ఉంది. అయితే ఐదవ జార్జ్ రూపాయిపై రాజు కిరీటధారి, పతకంపై ఆయన తలపై కిరీటం ఉండదు. రూపాయి వ్యాసం సుమారు 30 మిల్లీమీటర్లే. కడ్డీ ఊడిపోయిన పతకాన్ని కూడా ఈ రెండు లక్షణాలతో గుర్తించవచ్చు.

3. అంచు లేఖనం

పతకానికి ప్రాణం దాని అంచు. గ్రహీత సంఖ్య, హోదా, పేరు, దళం అంచుపై ఇంగ్లీషు అక్షరాలలో అచ్చువేసి ఉంటాయి. సిపాయి, నాయక్, హవల్దార్, జమాదార్, సుబేదార్ వంటి హోదాలు పూర్తిగానో సంక్షిప్తంగానో కనిపిస్తాయి. 'సాపర్' అనే హోదా ఇంజనీరింగ్ దళాన్ని సూచిస్తుంది. దానితో పాటు 'క్వీన్ విక్టోరియాస్ ఓన్' అన్న దళనామం ఉంటే అది మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్‌కు చెందినదిగా భావించవచ్చు. 'కర్ణాటిక్ ఇన్‌ఫెంట్రీ' అనే పేరు గల పటాలాలు కూడా మద్రాసు సైన్య పరంపరకు చెందినవే.

తెలుగు పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. భారతీయ గ్రహీతల పతకాలపై సాధారణంగా వ్యక్తినామమే ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. వెంకటస్వామి, రామస్వామి వంటి పేర్లు తెలుగు, తమిళ ప్రాంతాలు రెండింటిలోనూ ఉన్నవే. కాబట్టి పేరు ఒక్కటే ఆధారంగా సైనికుని ప్రాంతాన్ని నిర్ణయించడం సరికాదు. సంఖ్య, దళం, కుటుంబంలో నిలిచిన మౌఖిక కథనం, పింఛను పత్రాలు కలిసినప్పుడే నిర్ధారణ బలపడుతుంది.

4. అసలు, నకిలీ, మార్పిడి

పోతపోసిన నకిలీ మూల పతకంకంటే కొద్దిగా చిన్నదవుతుంది, ఎందుకంటే కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ఉపరితలంపై సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాలు పోతకు గుర్తులు. అచ్చువేసిన అసలు పతకంలో గీతలు పదునుగా ఉంటాయి.

అసలు పతకం అంచును అరగదీసి వేరొక పేరు వేయడం మరింత మోసపూరితం. అరగదీసినచోట వ్యాసం తగ్గుతుంది. కనుక అంచు చుట్టూ పలుచోట్ల వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. అచ్చు అక్షరాలకు బదులు చేతితో చెక్కిన అక్షరాలు ఉంటే అనుమానించాలి.

5. విలువ నిర్ధారణ

ఈ పతకాలు సుమారు 65 లక్షలు జారీ అయ్యాయి. అందువల్ల పతకం కేవలం పతకంగా అరుదైనది కాదు. వాటిలో కంచు పతకాలు సుమారు 1,10,000 మాత్రమే. చైనా, మాల్టా, భారతదేశం మొదలైన చోట్ల నుంచి వెళ్ళిన శ్రామిక దళాలకు వెండికి బదులు కంచు ఇచ్చారు. సామ్రాజ్యం నాడు తక్కువగా లెక్కించిన శ్రామికుని పతకమే నేడు సంఖ్య రీత్యా అరుదైనది కావడం గమనార్హం.

పతకాల కూడికను కూడా పరిశీలించాలి. యుద్ధరంగంలో సేవచేసినవారికి రెక్కల విజయదేవత బొమ్మగల కంచు 'విక్టరీ మెడల్' కూడా లభించింది. విక్టరీ మెడల్ పొందిన ప్రతివారికీ బ్రిటిష్ వార్ మెడల్ ఇచ్చారు. వార్ మెడల్ పొందిన అందరికీ విక్టరీ మెడల్ రాలేదు. ఒక ఇంట్లో విక్టరీ మెడల్ ఒక్కటే ఉంటే దాని జంట పోయిందని అర్థం. వెండికి అంగడిలో ధర ఉంది, కంచుకు లేదు. 1979-80లో వెండి ధర విపరీతంగా పెరిగినప్పుడు ప్రపంచవ్యాప్తంగా అనేక వార్ మెడళ్ళు కరిగిపోయాయి. కంచు జంట మిగలడానికి ఒక కారణం అదే కావచ్చు.

గ్రహీత యుద్ధంలో మరణించి ఉంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలలో పేరును సరిచూడవచ్చు. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్, ఇరాక్‌లోని బస్రా స్మారకాలు భారతీయ సైనికులకు సంబంధించి ముఖ్యమైనవి.

6. పరిరక్షణ, చట్టం

వెండిపై ఏర్పడే నల్లని ఛాయ లోపం కాదు. చింతపండుతో గానీ, మెరుగుపొడితో గానీ తోమితే అంచు అక్షరాలు క్రమంగా అరిగిపోతాయి. మెత్తని బట్టలో చుట్టి, తేమ తగలకుండా ఉంచడం, తాకేముందే అంచు లేఖనాన్ని ఫోటో తీయడం మేలు.

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం నూరేళ్ళు నిండిన చారిత్రక వస్తువులను పురావస్తువులుగా పరిగణిస్తుంది. ప్రభుత్వం ద్వారా తప్ప వాటిని ఎగుమతి చేయడం నిషిద్ధం. 1920ల తొలినాళ్ళలో జారీ అయిన పతకాలు ఇప్పుడు ఆ వయస్సు దాటాయి. అందువల్ల విదేశీ కొనుగోలుదారుకు పంపేముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించడం తప్పనిసరి.

7. ముగింపు

పతకం ధరను లోహం, అరుదుదనం, అంగడి నిర్ణయించవచ్చు. దాని విలువను నిర్ణయించేది అంచుపై ఉన్న పేరు. ఆ పేరు చదవగలిగితే బస్రా ఎడారికి వెళ్ళిన ఒక సిపాయికి చరిత్రలో చోటు దొరుకుతుంది. గ్రామాల వారీగా ఇటువంటి అంచు లేఖనాలను నమోదు చేస్తే, శాసనాలు రాజుల చరిత్రకు ఉపకరించినట్లే, ఇవి సామాన్య తెలుగు సైనికుల చరిత్రకు ఆధారాలవుతాయి.