శాంక్షనను నాంగ్లక్రియ – అర్థవిచారము

ఆంగ్లక్రియలలో 'శాంక్షను' అనునది మన దేశమున మిక్కిలి పరిచితమైనది. కచ్చేరీలలో సెలవు శాంక్షనగును, అప్పు శాంక్షనగును, ఊరిబావికి సొమ్ము శాంక్షనగును. ఆంగ్లము రానివారును దీనిని నిత్యము వాడుచుందురు. మంజూరు చేయుటయే దీని యర్థమని యెల్లరు నెఱుఁగుదురు. ఈ పరిచయమే చిక్కునకు మూలము. ఒక రాజ్యము వేఱొక రాజ్యమును శాంక్షను చేసెనని యాంగ్లపత్రికయందుఁ జదివిన విద్యార్థి, ఆ రెండవదానికేదో యామోదము లభించెనని తలంచును. నిజమునకు దానిపై నిర్బంధములు విధింపఁబడినవని యచటి యర్థము. ఒక్క క్రియయే యనుగ్రహమును నిగ్రహమును నెట్లు తెలుపుచున్నది?

ఈ రెండర్థములు యాదృచ్ఛికముగాఁ గలసినవి కావు. దీనికి మూలము లాటినుభాషయందలి 'సాంకిరే' యను క్రియ. ఒకదానిని బవిత్రముచేసి యతిక్రమింపరానిదిగా నిలుపుట దాని యర్థము. పుణ్యపురుషులకు వాడు 'సెయింటు' శబ్దమును దీనినుండియే వచ్చినది. క్రీ. శ. 533లో జస్టీనియను చక్రవర్తి వెలువరించిన 'ఇన్‌స్టిట్యూట్సు' అను ధర్మశాస్త్రగ్రంథమున దీనికొక చక్కని వివరణము గలదు. నగరప్రాకారములకు ద్రోహము చేసినవానికి మరణదండనము విధి గనుక ప్రాకారములు 'సాంక్ట'ములనఁబడుననియు, ఆ కారణముననే శాసనములందు దండనమును విధించు భాగములకు 'సాంక్షియో' అని పేరు గలిగెననియు నందుఁ జెప్పఁబడినది. అనఁగా నొక కట్టడకు బలమిచ్చునదియు, దానిని మీఱినవానిని దండించునదియు నొక్కటియే.

సంస్కృతాంధ్రములు చదివినవారికిది వింతగాఁ దోఁపదు. శాస్ ధాతువునుండియే శాసనము, శాస్త్రము, శిష్యుఁడు అను మాటలు పుట్టినవి. 'తగిన శాస్తి జరిగినది' యనునపుడు దండనార్థముగల శాస్తియు దానినుండియే పుట్టినది. రాజు రాజ్యమును శాసించును, దోషిని శాసించును. ధాతువు వేఱైనను 'శిక్ష' యు నిట్టిదే: వేదాంగమునకు నదియే పేరు, చెఱసాలకుఁ బంపుటకు నదియే పేరు. బడిపంతుల బెత్తమునకీ రెండర్థములును దెలియును.

ఆంగ్లమున నీ శబ్దము మొదట నామముగనే యుండెను. ఆఱవ చార్లెసు చక్రవర్తి తన రాజ్యములు కొమార్తెలకు సంక్రమించునట్లు 1713లోఁ జేసిన కట్టడకు 'ప్రాగ్మాటికు శాంక్షను' అని పేరు. అచట రాజశాసనమని యర్థము. బెంథాము 1789లోఁ బ్రకటించిన గ్రంథమున, మనుజుని విధికి లోఁబఱచు సుఖదుఃఖములు రెండును శాంక్షనులే. 1832లో ఆస్టిను దీనిని దుఃఖమునకే పరిమితము చేసెను. పిదప ఇటలీ యితియోపియాపై దండెత్తఁగా 1935లో నానాజాతిసమితి విధించిన నిర్బంధములతో నీ మాట లోకమంతట వ్యాపించెను. క్రియ మాత్రము 18వ శతాబ్ది యుత్తరార్ధమున స్థిరపఱచుట, సమ్మతించుట యను నర్థములతో వాడుకకు వచ్చి, 20వ శతాబ్దియందే దండనార్థమును గూడఁ బొందెను. మన కచ్చేరీలలో నిలిచినది మొదటి యర్థము.

అర్థనిర్ణయమునకుఁ గర్మపదమును జూడవలెను. కార్యముగాని ధనముగాని కర్మమైనచో సమ్మతి. వ్యక్తిగాని రాజ్యముగాని కర్మమైనచో దండనము. న్యాయస్థానవ్యవహారమున నీ భేదము చాల ముఖ్యము. ప్రభుత్వోద్యోగులలోఁ గొందఱిపై, ఉద్యోగధర్మమునకు సంబంధించిన నేరములకు, ప్రభుత్వానుమతి లేక న్యాయస్థానము విచారణ చేపట్టరాదని 1898 నాఁటి క్రిమినలు ప్రొసీజరు కోడునందును 1973 నాఁటి కోడునందును 197వ సెక్షను విధించినది. 2023 నాఁటి నాగరిక సురక్షా సంహితయందిది 218వ సెక్షను. ఈ యనుమతికి శాంక్షనని పేరు. 'ప్రాసిక్యూషను శాంక్షను చేయఁబడెను' అనఁగా నభియోగము నడుపుట కనుమతి యిచ్చిరని మాత్రమే. దీనిని 'శిక్ష విధింపఁబడెను' అని తెనిఁగించినవాఁడు, విచారణయైనను గానివానిని దోషిగాఁ జేసినవాఁడగును. ఆంగ్లపాఠమున దోషము లేదు, నిఘంటువునందును లేదు. అయినను నొక మనుజుని ప్రతిష్ఠ మంటఁగలియును.

ఈ సూత్రమునకును లొంగని తావొకటి గలదు. క్రియ విశేషణరూపము దాల్చి నామమునకు ముందు నిలిచినపుడు కర్మవిచారమొక్కటియే చాలదు. 'శాంక్షన్డు పోస్టు' అన్న మంజూరైన యుద్యోగము; 'శాంక్షన్డు బ్యాంకు' అన్న నిర్బంధమునకు గుఱియైన బ్యాంకు; 'స్టేటు' అను పదము ముందు చేరి 'స్టేటు శాంక్షన్డు' అయినచో మరల రాజ్యము సమ్మతించినదను నర్థమే. ఇట్టిచోట్లఁ దెలుఁగునకు మేలొకటి గలదు: సమ్మతికి 'మంజూరు', నిర్బంధమునకు 'ఆంక్ష' యని మనకు రెండు వేర్వేఱు మాటలున్నవి. 'శాంక్షను' అని తెలుఁగులిపిలో వ్రాసి యూరకుండిన యనువాదకుఁడు ఆ రెంటిని వదలి, ఆంగ్లమందలి సందేహమునే తెలుఁగువారికిఁ బంచిపెట్టుచున్నాఁడు.