ఘాట్ దిగే జీపు వెనుక కీచు చప్పుడు

అరకులోయ: శృంగవరపుకోట నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు ఘాట్ ఎక్కే జీపులలో వెనుక కూర్చున్న వారికి కీచుమనే చప్పుడు కొత్త కాదు. సంతరోజున జనం, మూటలు ఎక్కేకొద్దీ అది పెరుగుతుంది. కొందరు డ్రైవర్లు వాడేసిన ఇంజన్ ఆయిలును కమాన్ కట్టలపై పోసి ఊరుకుంటారు. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది. కాని ఆ ఆయిలు రబ్బరు బుష్షులను పాడుచేస్తుంది. కారి బ్రేక్ డ్రమ్ములోకి చేరిందా, లైనర్లు పట్టవు. దిగుడులో అంతకన్నా ఆపద ఏముంది?

చప్పుడు ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి. చదునైన చోట బండి ఆపి, ఇద్దరు వెనుక ఎక్కి కిందికీ మీదికీ ఊపాలి. నిలిచిన బండే కిర్రుమంటే తప్పు కమాన్లది. పట్టీల మధ్య తుప్పు, అరిగిన బుష్షులు, వదులైన యు బోల్టులు చూడాలి. బండి కదిలినప్పుడే వచ్చి, వేగంతో పాటు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులో గ్రీజు ఎండి ఉండవచ్చు. ఒక చక్రం మాత్రమే వేడెక్కుతుంటే బ్రేకు పట్టేసి ఉండాలి, లేదా బేరింగు పోయి ఉండాలి. చెయ్యి దగ్గరగా పెట్టి సెగ చూడాలి గాని ముట్టరాదు.

బ్రేకు తొక్కినప్పుడే కీచుమంటే డ్రమ్ము విప్పించవలసిందే. లైనరు అరిగి రివెట్లు డ్రమ్మును గీస్తూ ఉండవచ్చు. మైదానంలో వారం వాయిదా వేసినా గడుస్తుందేమో, అనంతగిరి మలుపులలో గడవదు.

మంచు కురిసిన ఉదయాన బ్రేకు కీచుమని, నాలుగైదు సార్లు తొక్కాక ఆగిపోతే భయం లేదు. రాత్రి తడికి డ్రమ్ములో పట్టిన పలుచని తుప్పు అది. ఆగకపోతే మాత్రం దిగుడుకు ముందే ప్రయాణికులను దించి, మెకానిక్కును పైకే పిలిపించాలి.