పాత కారులో పైలట్ బుష్ మార్చడం ఎలా?

పిల్లలూ! ప్రభుత్వ కార్యాలయాల దగ్గర ఒకప్పుడు వరుసగా నిలబడి ఉండే తెల్లని అంబాసిడర్ కార్ల గురించి మీ అమ్మానాన్నలను అడిగితే చెబుతారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి 2014 వరకు వాటిని తయారు చేశారు. అలాంటి పాత కారులో క్లచ్ తొక్కగానే కీచుమని శబ్దం వచ్చి, కాలు తీయగానే ఆగిపోతే మెకానిక్ అనుమానించే భాగాల్లో పైలట్ బుష్ ఒకటి.

ఇది చిన్న కంచు గొట్టం. ఇంజనులోని క్రాంక్‌షాఫ్ట్ చివర ఉండే గుంటలో బిగువుగా కూర్చుంటుంది. గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ కొనకు ఇదే ఆధారం. కారు పరిగెత్తేటప్పుడు ఇంజను, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి బుష్‌కు రాపిడి ఉండదు. క్లచ్ తొక్కినప్పుడు ఇంజను తిరుగుతూనే ఉంటుంది, షాఫ్ట్ నెమ్మదిస్తుంది. బుష్‌కు అసలు పని అప్పుడే. అది అరిగితే షాఫ్ట్ కొన ఊగుతుంది, గేర్లు గరగరమంటాయి. అలాగే వదిలేస్తే గేరుబాక్సు బేరింగు కూడా దెబ్బతింటుంది.

బుష్ దాకా చేరాలంటే గేరుబాక్సును, క్లచ్‌ను విప్పాలి. అందుకే మంచి మెకానిక్ క్లచ్ ప్లేటు మార్చేటప్పుడే దీన్నీ మారుస్తాడు. వస్తువు ఖరీదు కొద్దిగానే, దాని కోసం మళ్లీ అంతా విప్పాల్సి వస్తే కూలి ఎక్కువ.

మరి బుష్‌ను బయటికి తీసేదెలా? గుంటకు వెనుక దారి లేదు. ఉలితో కొడితే క్రాంక్‌షాఫ్ట్ గీసుకుపోతుంది. అందుకని గుంట నిండా గ్రీజు కూరుతారు. బుష్ రంధ్రంలో సరిగ్గా పట్టే ఇనుప కడ్డీని పెట్టి సుత్తితో కొడతారు. గ్రీజు నలిగి చిన్నది కాదు. అందుకే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ పాకి, బుష్‌ను వెనుక నుంచి బయటికి నెడుతుంది. గ్రీజు తగ్గితే మళ్లీ నింపి కొట్టాలి. పెద్ద తరగతుల్లో మీరు చదివే పాస్కల్ నియమం ఇదే. 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ పేరు మీద వచ్చింది. పని అయ్యాక గ్రీజునంతా శుభ్రంగా తుడవాలి. క్లచ్ ప్లేటుకు అంటితే అది జారుతుంది.

కొత్త బుష్‌ను కంచు పొడిని అదిమి, వేడి చేసి తయారు చేస్తారు. దానిలోని సన్నని రంధ్రాలు నూనెను దాచుకుంటాయి. అందుకే బిగించే ముందు ఒక రోజు ఇంజను ఆయిల్‌లో నానబెడతారు. తొందరగా కావాలంటే బుష్‌లో ఆయిల్ నింపి, రెండు చివరలూ బొటనవేళ్లతో గట్టిగా నొక్కుతారు. గోడల్లోంచి చెమట పట్టినట్టు నూనె బయటికి వస్తుంది. ఇక్కడా పని చేసేది పాస్కల్ నియమమే! తర్వాత బుష్‌ను వంకర పోకుండా, మెల్లగా కొట్టి కూర్చోబెడతారు.

బదిలీ మీద మీరు ఏ ఊరు వెళ్లినా అక్కడొక మెకానిక్ షెడ్డు ఉంటుంది. వీలైతే పెద్దవాళ్లతో వెళ్లి చూడండి. మీ సైన్సు పాఠాలు చాలానే అక్కడ కనిపిస్తాయి.