ముక్క పరీక్షంటే భయమెందుకు?

"మా అత్తమ్మ ఏనాడూ బీడీ ముట్టలేదు. ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సరేమిటండీ?"

అనంతపురం పల్లెల్లో ఏ కోడలైనా ఇలాగే అడుగుతుంది. కానీ పొగ తాగనివారికీ ఈ జబ్బు వస్తుంది. గాలి ఆడని వంటింట్లో కందికట్టె పొయ్యి ముందు ఏళ్ళ తరబడి పీల్చిన పొగ కూడా ముప్పును పెంచవచ్చని వైద్యులంటారు.

దగ్గు, కఫంలో రక్తం, చిక్కిపోవడం... చూడగానే మనం క్షయ అనుకుంటాం. క్షయ కాదని తేలి, స్కానింగ్‌లో గడ్డ కనబడితే డాక్టరుగారు చెప్పే మొదటి మాట "ముక్క తీసి పరీక్షించాలి" అని. అంతే, ఇంటిల్లిపాదికీ గుండె ఝల్లుమంటుంది. "సూది పెడితే ముదురుతుందట!" అని పక్కింటి పిన్నమ్మ ఓ మాట వేస్తుంది. అలా పాకడం చాలా అరుదు. ఆ మాట విని వెనక్కి వచ్చేయకండి.

గడ్డ ఎక్కడుందో, ఎంతుందో స్కానింగ్ చెబుతుంది. అది ఏ రకమో చెప్పేది ముక్క పరీక్షే. కందిపప్పుకూ అలసందలకూ ఒకే నీళ్ళు, ఒకే మంట సరిపోతాయా? ఇదీ అంతే.

'స్మాల్ సెల్' రకం త్వరగా పాకుతుంది. దానికి ఆపరేషన్ అరుదు. కీమోథెరపీ, రేడియేషన్ ముఖ్యం. మిగతా రకాలను తొలిదశలో పట్టుకుంటే ఆపరేషన్‌తో తీసేయవచ్చు. వాటిలో 'అడినోకార్సినోమా'కు పనిచేసే పెమెట్రెక్సెడ్ మందు 'స్క్వామస్' రకానికి అంతగా పనిచేయదు.

పొగ తాగనివారిలో ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమాయే. అందులో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పుందేమో కూడా చూస్తారు. ఉంటే ఇంట్లోనే రోజూ వేసుకునే మాత్రలున్నాయి. ఆసియా దేశాల్లో జరిపి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆ మార్పు ఉన్నవారికి జెఫిటినిబ్ మాత్ర కీమో కన్నా మేలు చేసింది. మార్పు లేనివారికి కీమోయే నయమని తేలింది. అంటే ఒకరికి మేలు చేసిన మాత్ర మరొకరికి విలువైన కాలాన్ని పోగొట్టవచ్చన్నమాట!

పరీక్షకు ముందు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కొందరికి కాస్త రక్తం పడటం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం జరగవచ్చు. అందుకే కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉంచి గమనిస్తారు.

ఇక ఖర్చు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో ఏ పరీక్షలు, ఏ మందులు వస్తాయో ఆస్పత్రిలో ముందే అడగండి.

మరొక్క మాట. బెంగళూరు కిద్వాయ్‌కో, తిరుపతికో వెళ్ళేటప్పుడు రిపోర్టుతో పాటు, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మను కూడా ల్యాబులో అడిగి తీసుకెళ్ళండి. చాలాసార్లు మళ్ళీ సూది పెట్టించుకునే బాధ తప్పుతుంది.

"క్యాన్సరా?" అని అడిగి ఊరుకోకండి. "ఏ రకమండీ?" అని కూడా అడగండి. వైద్యమంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.